ఒకటిన్నర చుట్టు

మా కారు మా ఇంట్లోకి రాదు. పోయిన నెల దాకా వచ్చేది.

2002 మోడల్ హోండా సిటీ వీటెక్. 1493 సీసీ, 106 గుర్రాలు. కాలేజీ రోజుల్లో దాన్ని రోడ్డు మీద చూసి నిలబడిపోయేవాణ్ని. కొనే స్తోమత వచ్చేసరికి అది ముసలిదైంది, నేనూ అంతే. మూడో ఓనరుగా తెచ్చి ఎర్రముక్కపల్లెలో ఇంటి ముందు పెట్టుకున్నాను. ఇక్కడికి నడిచిపోయే దూరంలోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం. చెదలు పట్టిన తాళపత్రాలకు ఆ దొర ప్రాణం పోశాడు కదా, ఒక పాత కారుకు నేను పొయ్యలేనా అనిపించింది. ఆయన పద్యాలను కత్తిరించలేదన్న సంగతి అప్పుడు తోచలేదు.

మొదట ఇంజనుకు గాలి వడకట్టే ఫిల్టరు. కంపెనీ పెట్టిన నల్లడబ్బా పీకేసి, శంకులాంటి ఎర్ర ఫిల్టరు బిగించాను. యాక్సిలరేటరు తొక్కితే పులి గుర్రుమన్నట్టు శబ్దం. శబ్దం వచ్చింది గానీ లాగుడు తగ్గింది. మే నెల, కడప ఎండ, దానికి తోడు బానెట్ కింద ఇంజను సెగ. ఆ శంకు పీల్చేది ఆ సెగనే. వేడిగాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. నల్లడబ్బాకు గొట్టం తగిలించి బయటి గాలి తెప్పించింది ఇందుకా అని అప్పుడు వెలిగింది. 106 గుర్రాల్లో నాలుగైదు వడదెబ్బకు పడిపోయినట్టున్నాయి.

తరువాత ఫ్రీఫ్లో సైలెన్సరు, అంటే పొగకు అడ్డు తక్కువ, చప్పుడు ఎక్కువ. దాని గురించి ఎక్కువ చెప్పను. పక్కింటి పెద్దాయన మధ్యాహ్నం నిద్రలోంచి లేచొచ్చి, "ట్రాక్టరు ఎప్పుడు కొన్యావు నాయనా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, ఎగతాళి కాదు.

అసలు కథ స్ప్రింగులది. కారు నేలకు ఎంత దగ్గరుంటే మలుపుల్లో అంత నిలకడ. అందుకని లోయరింగ్ స్ప్రింగులు వెదికాను. ధర చూశాక, ఉన్న స్ప్రింగులనే కోసేస్తే పోలా అనిపించింది. తలా ఒకటిన్నర చుట్టు. గ్రైండరు బాడుగకు తెచ్చాను.

ఆదివారం పొద్దున వాకిట్లో జాకీ పెట్టి లేపుతుంటే టప్‌మని శబ్దం. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏం పగిలింది?"

"ఏం లేదు, బండ."

"మనదేనా?"

కడప బండ మీద పది మూటల వడ్లు పరిచినా ఏమీ కాదు. బరువంతా అరచేయంత జాకీ మడమ మీద పడితే మాత్రం అప్పడమే. కింద మందపాటి చెక్క వెయ్యాల్సింది. అది పగిలిన తరువాత వేశాను.

మూడు స్ప్రింగులు లెక్క ప్రకారమే కోశాను. నాలుగోది కోస్తుండగా మామ ఫోను, భోజనానికి వస్తున్నానని. మాట్లాడుతూ చుట్ల లెక్క తప్పాను. బిగించి దించి చూస్తే కారు వెనక ఎడమ వైపు ఒరిగి, ఎవరో చెవిలో చెప్పే చాడీ వింటున్నట్టుంది.

గువ్వలచెరువు ఘాటు మలుపుల్లో పరీక్షించి, అక్కడ పాలకోవా కట్టించుకుని రావాలని ప్లాను. మూడో స్పీడు బ్రేకరు దగ్గరే నా నడుమూ కారు నడుమూ ఒకేసారి అరిచాయి. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుందట. ఆ సంగతి వెన్నెముక చెప్పింది. కోవా లేకుండానే వెనక్కి తిప్పాను.

ఇంటి ముందు మురుగుకాలువ, దాని మీద ర్యాంపు. ముందు చక్రాలు మిట్ట ఎక్కి దిగాయి. పొట్ట మిట్ట మీద కూర్చుంది. తొక్కితే ముందు చక్రాలు గాల్లో గిరగిరా తిరిగాయి. ఎండకు పడిపోగా మిగిలిన గుర్రాలన్నీ అక్కడే పరుగెత్తాయి. సగం కారు ఇంట్లో, సగం వీధిలో, వెనక నీళ్ల ట్యాంకరు హారను.

వీధి వీధంతా వచ్చింది. హ్యాండ్ బ్రేకు తీయమని ఒకరు, వెయ్యమని ఒకరు. అప్పుడే మామ ఆటో దిగాడు. ఆయన రవాణా శాఖలో గుమాస్తాగా రిటైరైన మనిషి. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సైలెన్సరు వైపు వంగి చూశాడు.

"మోటారు వాహనాల చట్టం, యాభై రెండో సెక్షను, అల్లుడూ. ఆర్సీలో ఉండేదానికీ బండికీ తేడా రాగూడదు."

"లోపలికి రానీండి మామా, మాట్లాడుకుందాం."

"ముందు నువ్వు దిగు. నువ్వు దిగితే అంగుళమన్నా లేస్తాది."

దిగాను. నిజంగానే లేచింది. ఎనిమిది మంది "జై ఆంజనేయా" అని ఎత్తి వీధిలోకి నెట్టారు. సైలెన్సరు మాత్రం ర్యాంపు మీదే ఉండిపోయింది. పెద్దాయన ఆ పూట హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను. "కోసిన ముక్కలు భద్రంగా ఉండాయి భాయ్. వెల్డింగు పెట్టి అతికియ్."

భాయ్ చేతులు తుడుచుకుంటూ నన్ను కాసేపు చూశాడు. "స్ప్రింగును కాలిస్తే పదును పోతాది సార్. అతికినచోటే విరుగుతాది. కొత్తవి తెచ్చుకోండి." కొత్తవంటే కంపెనీవి. వాటి ధర, నేను వద్దనుకున్న లోయరింగ్ స్ప్రింగుల కన్నా ఎక్కువ.

అయినా ఆ ముక్కలు ఇంకెవరికైనా చూపిద్దామని ఇంటికొచ్చి వెదికాను. వాకిట్లో లేవు, మెట్ల కింద లేవు.

"ఆ ఇనుప చుట్లా?" అంది మా ఆవిడ, దోసెల పెనం మీద నీళ్లు చిలకరిస్తూ. "పాత సామాన్లాయప్ప వచ్చింటే ఇచ్చేసినా. కిలో ఎర్రగడ్డలిచ్చినాడు."

ఆ రాత్రి కారం దోసెలు. ఎర్రగడ్డలు మంచివే ఇచ్చాడు.