కోసుకున్న పీఎఫ్ ఎవరిది? లేబర్ నోటీసుకు మొదటి జవాబు అక్కడే ఉంది

లేబర్ ఆఫీసు నుంచో పీఎఫ్ ఆఫీసు నుంచో నోటీసు రాగానే మన యజమానులు చాలామంది ముందు ఫోన్ అందుకుంటారు. "ఆ ఆఫీసులో మనకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని వాకబు చేస్తారు. తర్వాత కన్సల్టెంట్‌ని పిలుస్తారు. ఆయన "మీరేమీ రాసివ్వకండి సార్, నేను మాట్లాడతా" అని ధైర్యం చెబుతాడు. నోటీసులో ఏముందో మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవడానికి మాత్రం నాలుగైదు రోజులు పడుతుంది. జీడిమెట్లలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇదే వరస. ఆ కాగితాన్ని అధికారి బెదిరింపుగా చూసినంత కాలం జవాబు తప్పుగానే వెళ్తుంది. దాని వెనక చాలాసార్లు ఒక కార్మికుడు ఉంటాడు. ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, జీతంలో కోసిన డబ్బు ఖాతాలో పడలేదని గమనించినవాడు అతను.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద చర్చ చాలానే జరిగింది కాబట్టి మళ్లీ అందులోకి వెళ్లను. నోటీసు అందుకున్న యజమాని గుర్తుంచుకోవాల్సిన ముక్క ఒకటుంది. వాటిలో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం, కేసు పెట్టేముందు లోపాన్ని సరిదిద్దుకోమని ఇన్‌స్పెక్టర్ గడువుతో రాతపూర్వకంగా చెప్పాలి. గడువులోపు సరిచేస్తే కేసు ఉండదు. అదే తప్పు అయిదేళ్లలోపు మళ్లీ చేస్తే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది. మొదటిసారి దొరికినవాడికి చట్టమే దారి వదిలిపెట్టింది. ఆ దారిలో నడవకుండా దొడ్డిదారి వెతకడం ఎందుకు?

జవాబు ఎలా రాయాలని చాలామంది అడుగుతుంటారు. గడువు చాలకపోతే ఆ తేదీ దాటకముందే రాతపూర్వకంగా వాయిదా కోరండి. ఇచ్చిన ప్రతి కాగితం నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. మౌనంగా ఉంటే ఏకపక్షంగా ఆర్డర్ వచ్చేస్తుంది, ఆ తర్వాత అప్పీలు ఖర్చు అసలు బకాయిని మించిపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, కొత్తగా రిజిస్టర్లు సృష్టించకండి. మూడేళ్ల హాజరు మొత్తం ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో కనబడితే కొత్తగా చేరిన గుమాస్తా కూడా పట్టేస్తాడు. దాంతో పీఎఫ్ చందా ఎగవేత కేసు కాస్తా ఫోర్జరీ దాకా పోతుంది. బకాయి ఉంటే ఉందని రాయండి. ఎవరికి, ఏ నెలకు, ఎంత అన్నది పేరుపేరునా పట్టిక వేసి, కట్టిన చలానా జత చేయండి. అధికారి అడిగేలోపే మీ లెక్క మీరే చెప్పడం కంటే బలమైన జవాబు లేదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. పీఎఫ్ బకాయి అనగానే యజమాని దాన్ని కరెంటు బిల్లులాగా, ఆస్తిపన్నులాగా తాను కట్టాల్సిన ఒక ఖర్చుగా లెక్కేసుకుంటాడు. అందులో సగం ఆయన ఖర్చు కానే కాదు. పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం నెలకు 15,000 అనుకుందాం. 12 శాతం చొప్పున కార్మికుడి జీతంలోంచి కోసేది 1,800. అది ఆ మనిషి అప్పటికే సంపాదించుకున్న కూలి. 40 మంది పనిచేసే చిన్న యూనిట్‌లో ఆ కోత నెలకు 72,000, ఏడాదికి 8 లక్షల 64 వేలు. యజమాని వాటా ఇందులో కలపలేదు. తర్వాతి నెల 15వ తేదీలోగా జమ చేయాల్సిన ఈ డబ్బు కంపెనీ కరెంటు ఖాతాలో ఉండిపోయి ముడిసరుకుకో, బ్యాంకు వాయిదాకో పోతోంది. 40 మంది కూలీలు తమకు తెలియకుండానే ఓనర్‌కి అప్పిచ్చారన్నమాట!

దీన్ని చట్టం కూడా మామూలు బాకీగా చూడదు. జీతంలో కోసుకున్న పీఎఫ్ జమ చేయకపోవడాన్ని నమ్మకద్రోహ నేరంగా పాత శిక్షాస్మృతి చెప్పింది, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఉద్యోగుల వాటాను గడువు దాటి కడితే అప్పటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం దాన్ని ఖర్చుగా చూపించుకునే వీలు లేదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ డబ్బు యజమాని తన దగ్గర పెట్టుకున్న పరాయి సొమ్ము అన్నదే ఆ తీర్పుకు ఆధారం.

ఇక కార్మికుడి వైపు నుంచి చూడండి. యజమాని కట్టే వాటాలోంచి జీతం మీద 8.33 శాతం పెన్షన్ పథకానికి వెళ్తుంది. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. నాలుగు కంపెనీలు మారి, చందా పడని నెలలు అక్కడక్కడా మిగిలిపోయిన మనిషి 58 ఏళ్లకు వెళ్లి అడిగితే లెక్క కుదరదు. ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల దాకా వచ్చే బీమా ఉంది. చందాలు సరిగా లేకపోతే భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆమె కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఓనర్ "రెండు నెలలు లేటయింది, అంతేగా" అనుకునే చోట ఇంత ఉంది.

చిన్న పరిశ్రమల వాళ్లకూ బాధలున్నాయి. సరుకు తీసుకున్న పెద్ద కంపెనీ నెలల తరబడి డబ్బివ్వదు. జీఎస్టీ మాత్రం వేళకు కట్టాలి. తనిఖీ పేరుతో వచ్చి చేతులు తడపమనే అధికారులు ఉన్నారన్నదీ నిజమే, వాళ్ల మీద ఏసీబీకి ఫిర్యాదు చేయాల్సిందే. అయితే ఈ కష్టాల్లో ఏ ఒక్కటీ కార్మికుడు తెచ్చిపెట్టింది కాదు. పెద్ద కంపెనీ మీకు ఎగ్గొడితే, మీరు వెల్డర్‌కు ఎగ్గొట్టడం ఏ లెక్కన సరి?

ప్రైవేటు యజమానిని ఇంతగా నిలదీసే నేను ప్రభుత్వాన్ని వదిలేస్తే అన్యాయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో సెక్యూరిటీ గార్డు, మున్సిపాలిటీలో చెత్త ఎత్తే మనిషి, సంక్షేమ హాస్టల్‌లో వంటమనిషి, వీళ్లలో ఎక్కువమంది ఏదో ఒక ఏజెన్సీ మనుషులే. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టి, తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం అప్పట్లోనే చెప్పింది. అక్కడ అసలు యజమాని అంటే ఆసుపత్రి, మున్సిపాలిటీ, అంటే సర్కారే. అయినా పీఎఫ్ పడలేదని పారిశుద్ధ్య కార్మికురాలు అడిగితే "ఏజెన్సీని అడగమ్మా" అని పంపేస్తారు. ఈ మధ్యవర్తుల బెడద పోవాలనే 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోటపని చేసిన వాళ్ల కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు వాళ్లను రెగ్యులర్ చేయమంది. శాశ్వతమైన పనిని తాత్కాలికం పేరుతో చేయించుకుని హక్కులు ఎగ్గొట్టడం ప్రభుత్వానికి తగదని గట్టిగానే మందలించింది.

కాంట్రాక్టర్ బిల్లుకు పీఎఫ్ చలానా జత చేస్తాడు. అందులో మొత్తం ఎంతో ఉంటుంది, మనుషుల పేర్లుండవు. వేరే సైటు కూలీల చలానా ఈ ఆఫీసు బిల్లుకు పెట్టినా పోల్చి చూసేవాళ్లు లేరు. పేర్లు, యూఏఎన్ నంబర్లు (ఒక్కో కార్మికుడి పీఎఫ్ గుర్తింపు నంబరు), ఒక్కొక్కరి చందా ఉండేది ఈసీఆర్‌లో, అంటే యజమాని నెలనెలా పీఎఫ్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో ఇచ్చే పట్టికలో. ఆ ఈసీఆర్‌ను ఆ నెల హాజరు పట్టీతో పక్కపక్కన పెట్టి సరిచూశాకే బిల్లు పాస్ చేయాలని జీవో ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఖర్చు అసలే లేదు. సరిచూడకుండా సంతకం పెట్టిన అధికారి ఎవరైతే, లేబర్ శాఖ మొదటి నోటీసు ఆయన టేబుల్ మీదికే వెళ్లాలి.