కొనేవాళ్ల ఇంటి సంగతో?
పసిబిడ్డల అమ్మకాల మీద మీరు వేసిన వ్యాసంలో, పేదరికం వల్లే తల్లులు బిడ్డల్ని అమ్ముకుంటున్నారని తేల్చేశారు. సగమే ఒప్పుకుంటాను. మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా తెలుగిళ్లలో పెళ్లయిన ఏడాదికే "ఏమైనా విశేషమా" అని మొదలెడతారు. మా వదినకి పదకొండేళ్లుగా పిల్లల్లేరు. సీమంతాలకి పిలిచేవారు గానీ గాజులు తొడిగే దగ్గర "నువ్వలా కూర్చోమ్మా" అనేవారు. అన్నయ్యని పరీక్ష చేయించుకోమన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. దత్తత తీసుకుందామంటే మా పెద్దమ్మ "ఏ కులమో, ఎవరి రక్తమో" అని అడ్డం పడింది. తర్వాత ఒకావిడ వచ్చి, డబ్బిస్తే బిడ్డని తెచ్చిస్తాం, కాగితాల్లో మీకే పుట్టినట్టు రాయిస్తామంటే అదే పెద్దమ్మకి కులం గుర్తు రాలేదు! బేరగాళ్లు అమ్మేది ఈ గుట్టునే. కన్నవైపూ అంతే, పెళ్లికాని పిల్లకి కడుపొస్తే ఇంట్లోవాళ్లకి పరువే ముందు. బిడ్డని బాలల సంక్షేమ కమిటీకి అప్పగించొచ్చని, మనసు మారితే 60 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చని వాళ్లకి చెప్పేదెవరు? 2015 నాటి బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ ప్రకారం అమ్మినా కొన్నా 5 ఏళ్ల దాకా జైలు, లక్ష జరిమానా. ఆసుపత్రి సిబ్బందైతే 3 నుంచి 7 ఏళ్లు. ఇది చదివి వినిపించాకే ఆ బేరం ఆగింది. అన్నయ్యవాళ్లు చట్టప్రకారం దత్తత ఇప్పించే కేంద్ర సంస్థ కారా (CARA) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నారు. మూడేళ్లు దాటింది, ఇంకా పిలుపు రాలేదు. పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది.