పసుపు వైరు

ఆటోనగర్‌లో షాపతను నా కారు స్టీరియోకి వూఫరూ (దరువు మోగించే పెద్ద స్పీకరు), దాన్ని నడిపే ఆంప్‌లిఫయరూ, వైర్ల కట్టా కలిపి బిల్లు వేశాక, "ఫిట్టింగుకి మూడు వేలు అదనం సార్" అన్నాడు. నాకు ఆత్మాభిమానం అడ్డొచ్చింది. నాలుగేళ్లు బీటెక్‌లో చదివింది ఎలక్ట్రికల్. సప్లీలున్న మాట నిజమే కానీ, ఆలస్యంగానైనా అన్నీ పాసయ్యాను. నాలుగు వైర్లు కలపడానికి మూడు వేలా?

"నేనే బిగించుకుంటాలే" అన్నాను. అతను నా వంక, కారు వంక చూసి, మారు మాట్లాడకుండా తన కార్డు నా జేబులో పెట్టాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆవిడ ఒకే మాట అడిగింది. "హాల్లో మీరు మార్చిన స్విచ్చి గుర్తుందా అండీ? ఆపినా బల్బు మిణుకుమిణుకుమంటూనే ఉంది."

అది వేరే సబ్జెక్టు అని చెప్పాను.

ఆంప్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 1200 వాట్లు అని ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఆర్ఎంఎస్ 300 అని ఉంది. మొదటిది పెళ్లిచూపుల్లో చెప్పే జీతం, రెండోది ఒకటో తారీఖున చేతికొచ్చేది. వూఫరు బతకాల్సింది ఆ రెండో దానితోనే.

ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో దుకాణం తెరిచాను. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా చిటికెన వేలంత లావు వైరు లాగాలి. దాని ఫ్యూజు బ్యాటరీకి జానెడు, రెండు జానల దూరంలోనే పెట్టాలి. ఎక్కడన్నా వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా కారు తగలబడకుండా ఆపేది అదొక్కటే. ఇదంతా బాగానే చేశాను. ఎర్త్, అంటే ఆంప్ నుంచి కారు బాడీకి కలిపే వైరు, దాని దగ్గర బద్ధకించాను. డిక్కీలో కనిపించిన బోల్టుకు బిగించేశాను, కింద పెయింటుందని చూడకుండా. ఇంజిన్ స్టార్ట్ చేస్తే స్పీకర్లలోంచి 'కుయ్య్' మని రాగం. యాక్సిలరేటర్ తొక్కితే పై స్థాయికి పోతోంది, వదిలితే కిందికి దిగుతోంది. మా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "సార్, కుక్కపిల్లేమన్నా ఇరుక్కుందా?" అని కారు కిందికి వంగి చూశాడు. గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకి మళ్లీ బిగిస్తే ఆ కుక్కపిల్ల పోయింది.

ఇక మిగిలింది రిమోట్ వైరు. చూడ్డానికి సన్నటిదే. స్టీరియో ఆన్ చేస్తే ఆంప్‌ని లేపేదీ, ఆపితే పడుకోబెట్టేదీ అదే. దాన్ని స్టీరియో వెనక నీలం మీద తెల్లచార ఉన్న వైరుకు కలపాలి. మా స్టీరియోకు ఆ వైరును పాత ఓనరు హయాంలో ఎవరో మొదలంటా కత్తిరించేశారు. మల్టీమీటరుతో ఒక్కోటీ పొడుచుకుంటూ పోతే పసుపు వైరులో 12 వోల్టులు దొరికాయి. పసుపు! గడపకు రాస్తాం, పెళ్లికార్డు మూలలకు రాస్తాం. ఇంతకన్నా శుభమేముంది? కలిపేశాను. ఆంప్ మీద నీలం లైటు వెలిగింది. పసుపు వైరుకు తాళంతో పని లేదనీ, ఇరవై నాలుగు గంటలూ దాంట్లో కరెంటుంటుందనీ కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. చెప్పిన రోజు నేను వెళ్లుండను.

పాట పెట్టాను. గుండెల్లో దిమ్మిసతో కొట్టినట్టుంది. దాంతోపాటు డిక్కీలోంచి గలగలా, గిలగిలా. ఏది మోగుతోందో తెలియదు. డిక్కీ మీది అట్ట తీసేశాను, నంబర్ ప్లేటు బిగించాను, ఉన్న స్పాంజిముక్కలన్నీ కుక్కాను. ఆగలేదు.

సాయంత్రం మా మావయ్యగారు తెనాలి నుంచి దిగారు. మర్నాడు పొద్దున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌కి విశాఖ వెళ్లాలి, మేనల్లుడి గృహప్రవేశం. వస్తూ వస్తూ పాతిక కిలోల బియ్యం బస్తా తెచ్చారు. బస్టాండులో డిక్కీ తెరిచి చూసి, "ఇదేంటి బాబూ, బీరువా పెట్టావు?" అన్నారు. వూఫరు పెట్టె పక్కన మిగిలిన జానెడు సందులో బస్తాని నిలబెట్టి కుక్కాం. దారిలో పాట పెడితే, అద్భుతం, గలగల లేదు! డిక్కీ నేల కింద జాకీ, స్పానర్లు ఎగిరెగిరి పడుతుండేవట. వాటి నెత్తిన బస్తా కూర్చుంది.

ఆ హుషారులో, భోజనాలయ్యాక, గెయిన్ సెట్ చేద్దామని మళ్లీ కిందికి దిగాను. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో పంపే సిగ్నల్‌ని ఆంప్ ఎంత పెంచాలో చెప్పే మర. ఫుల్లుగా తిప్పామంటే వూఫరు కాయిలు మాడుతుంది. దానికో లెక్కుంది. 300 వాట్లను వూఫరు నిరోధం 4 ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే 34.6 వోల్టులు. వూఫరు వైర్లు ఊడదీసి, పెన్‌డ్రైవ్‌లో 50 హెర్ట్జ్ మోత పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకు పెంచి, మల్టీమీటరు 34.6 చూపించేదాకా గెయిన్ తిప్పాలి. వైర్లు ఊడదీశాం కాబట్టి చప్పుడే ఉండదు. అంతా పద్ధతిగా చేసి, తాళం తీసి, వూఫరు వైర్లు మళ్లీ కలిపి, పైకెళ్లి హాయిగా పడుకున్నాను. వాల్యూమ్ మాత్రం ఆ ముప్పావు దగ్గరే ఉండిపోయింది.

తెల్లవారుజామున ఐదింటికి ఇస్త్రీ పంచెలో మావయ్యగారు, సంచీతో మా ఆవిడ, తాళంతో నేను. తిప్పితే 'టిక్' అంది. మళ్లీ తిప్పితే అదీ అనలేదు. చీకట్లో డిక్కీ అద్దంలోంచి నీలం లైటు మిణుకుమిణుకుమంటోంది. రాత్రంతా మేలుకొని నాలుగేళ్ల బ్యాటరీని పీల్చేసింది.

"హాల్లో బల్బులాగే ఉంది కదండీ" అంది మా ఆవిడ.

ఆటో కోసం ఫోన్ తీశాను. "ఎందుకు బాబూ, అంబాసిడర్ కాలం నుంచీ తోసినవాణ్ని" అంటూ మావయ్యగారు పంచె ఎగ్గట్టారు. వాచ్‌మన్ ఓ చెయ్యి వేశాడు. నేను సెకండ్ గేరులో క్లచ్ తొక్కిపట్టి కూర్చున్నాను. రెండు స్తంభాలు దాటాక క్లచ్ వదిలాను. కారు ఒక్క కుదుపు కుదిపి అందుకుంది.

దానితోపాటే స్టీరియోకూ ప్రాణమొచ్చి, రాత్రి ఆపినచోట నుంచి అందుకుంది. 50 హెర్ట్జ్. 300 వాట్లు. సెల్లార్‌లో.

పాటైతే మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. ఇది తీసుకోదు. 'ఊఁఁఁఁ...' సీటు, స్టీరింగు, నా పళ్లు, అన్నీ ఒకే శ్రుతిలో వణుకుతున్నాయి. పక్కన రెండు కార్ల అలారాలు మొదలయ్యాయి. వాచ్‌మన్ "ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతోందిరో!" అని ఉరికి అపార్ట్‌మెంట్ మెయిన్ లాగేశాడు. మే నెల. ఫ్యాన్లాగిన ఇరవై ఫ్లాట్ల జనం బాల్కనీల్లోకి వచ్చారు. కరెంటు పోయినా మోత ఆగకపోయేసరికి వాళ్ల భయం రెట్టింపయ్యింది. నాకేమో ఇంజిన్ ఆపితే మళ్లీ తోయాలన్న టెన్షన్‌లో వాల్యూమ్ బటన్ కనబడలేదు. చివరికి మావయ్యగారే కిటికీలోంచి చెయ్యి పెట్టి పెన్‌డ్రైవ్ పీకేశారు.

రత్నాచల్ అందింది. దారిలో ఆయన ఒక్క మాటా అనలేదు.

జేబులో కార్డు తీసి ఆటోనగర్‌కు ఫోన్ చేస్తే, అతను "పసుపుకి కలిపారా సార్?" అని తనే అడిగాడు. పది నిమిషాల్లో తెగిన నీలం వైరుకు అతుకు వేసిచ్చాడు. ఇప్పుడు ఆంప్ బుద్ధిగా పడుకుంటోంది. హాల్లో బల్బు మాత్రం ఇంకా మిణుకుతూనే ఉంది.

బియ్యం బస్తా పైకి తేలేదు. తెస్తే జాకీ మోగుతుంది. పూట పూటకూ మా ఆవిడ స్టీలు గిన్నె పట్టుకుని సెల్లార్‌లోకి దిగి, డిక్కీ తెరిచి రెండు గ్లాసులు కొలుచుకుని వస్తోంది. నిన్నటికి బస్తా సగానికి వచ్చింది, గలగల సన్నగా మళ్లీ మొదలైంది. తెనాలికి ఫోన్ చేసి ఇంకో బస్తా కావాలన్నాను.

"అలాగే తెస్తాను బాబూ" అన్నారు మావయ్యగారు. "బస్టాండుకి మాత్రం నువ్వు రాకు. ఆటోలో వస్తాను."