పెళ్లి బఫేలో గట్ హెల్త్ కౌంటరు

పెళ్లికి పిలిచారు, వెళ్లాం, అక్షింతలు వేశాం, కవరు చేతిలో పెట్టాం. అంతటితో అయిపోతే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ శంషాబాద్ వైపు ఆ కన్వెన్షన్ హాల్లో, చాట్ కౌంటరుకీ జిలేబీ కౌంటరుకీ మధ్య, ఆకుపచ్చ లైట్లు పెట్టి ‘గట్ హెల్త్ కౌంటర్’ అని, అంటే పేగుల ఆరోగ్యానికంటూ, ఒకటి తెరిచారు. తెలుగు జాతి ఇంత దూరం వచ్చేసిన సంగతి ఎవరో ఒకరు నమోదు చేయాలి కదా, ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

టైము రాత్రి పదకొండు దాటింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ స్టేజి మీద డ్రోన్ కెమెరా ఎప్పుడు లేస్తుందా అని పైకి చూస్తున్నారు. కింద భోజనాల హాల్లో పానీపూరీ, మొక్కజొన్న వేపుడు, పుల్లకి గుచ్చిన పనీరు, రెండు రకాల బిర్యానీ, నాటుకోడి, రాగిసంకటి, ఎదురుగా నిలబెట్టి కలిపిచ్చే పాస్తా, నెయ్యి కారే బొబ్బట్లు, మూడు రంగుల ఐస్‌క్రీము, ఇంకా పేర్లు తెలియనివి చాలా. ఆ పద్మవ్యూహం ఛేదించుకుని ప్రాణాలతో బయటపడ్డ వాడికి చిట్టచివర ఈ కౌంటరు. అక్కడ చేతులకి గ్లౌజులు, నల్ల ఏప్రన్, నెత్తిన టోపీ పెట్టుకుని ఒక కుర్రాడు. ముందు వరసగా చిన్న మట్టి ముంతలు. ఒక్కో ముంతలో నాలుగు చెంచాల చద్దన్నం, దాని మీద ఒక దానిమ్మ గింజ. ఒక్కటంటే ఒక్కటే. బోర్డు మీద ‘ప్రోబయోటిక్ రైస్ షాట్’ అని రాసుంది, అంటే పేగులకి మేలు చేసే సూక్ష్మజీవులున్న అన్నమట.

గోదావరి జిల్లా నుంచి వచ్చిన బామ్మగారు ఒకావిడ, పెళ్లికొడుకు తరఫు, ముంత చేతిలోకి తీసుకుంది.

“ఏంటి నాయనా ఇది?”

“ఫెర్మెంటెడ్ రైస్ మేడమ్. గట్‌కి చాలా మంచిది.”

ఆవిడ వాసన చూసింది. “చద్దన్నం కదూ. ఉల్లిపాయేదీ?”

“ఆనియన్ ప్రీబయోటిక్ మేడమ్. అది నెక్స్ట్ కౌంటర్.”

“పోనీ పచ్చిమిరపకాయ?”

“గట్ లైనింగ్‌కి హార్ష్ మేడమ్.”

“ఆవకాయ బద్దయినా లేదూ?”

“సాల్ట్ ఎక్కువ మేడమ్.”

“మరి దీన్నెలా తినమంటావయ్యా?”

“మైండ్‌ఫుల్‌గా మేడమ్. ప్రతి ముద్దా ముప్పై రెండు సార్లు నమలాలి.”

బామ్మగారు నాలుకతో ఒకసారి తన మిగిలిన పళ్లు లెక్క చూసుకుని, ముంత ఉన్నచోటే పెట్టేసి, మజ్జిగ ఎక్కడ పోస్తున్నారని అడిగింది. మజ్జిగ అయిపోయిందట. అన్ని రకాల వంటకాల్లో అయిపోయింది అదొక్కటే.

ఇంతలో పెళ్లికూతురి బాబాయి వచ్చాడు. రెండు బిర్యానీలూ ముగించి, జిలేబీ మీద రబ్డీ పోయించుకుని, ఇంకో జిలేబీ చేత్తో పట్టుకుని వచ్చాడు. గాజు సీసాల్లో కొంబుచా పెట్టారు, అంటే పులియబెట్టిన టీ. “ఏం తమ్ముడూ, ఇది తాగితే అదంతా కాన్సిల్ అయిపోద్దా?” అని బిర్యానీ వైపు చెయ్యి చూపించాడు. ట్రైనింగ్‌లో నేర్పినట్టే కుర్రాడు “మైక్రోబయోమ్ బ్యాలెన్స్ అవుతుంది సర్” అన్నాడు, అంటే పేగుల్లోని సూక్ష్మజీవుల లెక్క సరిపోతుందని. “అయితే రెండియ్యి.” రెండూ గడగడా తాగేసి, పాత బాకీ తీరిపోయినట్టు తేలిగ్గా నిట్టూర్చి, మళ్లీ నాటుకోడి వైపు నడిచాడు. వెనక గోడ మీద ‘మీ రెండో మెదడు మీ పొట్టలోనే ఉంది’ అని వెలుగుతోంది. పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నాడీకణాలున్న మాట నిజమే, దాన్ని శాస్త్రవేత్తలే సరదాగా రెండో మెదడు అన్నారు. బాబాయి విషయంలో మొదటిది కూడా అక్కడికే దిగిపోయినట్టుంది.

కుర్రాడి మీద నాకేమీ కోపం లేదు. నువ్వు తిన్నావా అని అడిగితే “గెస్టులందరూ అయ్యాక సర్” అన్నాడు. టైముకి తినాలి, నిద్రకి రెండు మూడు గంటల ముందే భోజనం ముగించాలి అని వచ్చినవాళ్లందరికీ చెప్పే ఉద్యోగం అతనిది. అతని భోజనం మటుకు అర్ధరాత్రి దాటాక.

ఈ కౌంటరు ఆకాశంలోంచి ఊడిపడలేదు. రెండు మూడేళ్లుగా ఫోన్ తీస్తే చాలు, జుట్టు ఊడినా గట్టే, మొటిమ వచ్చినా గట్టే, మేనేజరు తిట్టినందుకు ఏడుపొచ్చినా గట్టే. ఒకడైతే డబ్బా పంపిస్తానంటాడు, అందులో మన మలం నమూనా పెట్టి కొరియర్‌లో తిప్పి పంపాలి. కొన్నాళ్లకి రంగురంగుల రిపోర్టు వస్తుంది, నీ పేగులకి నూటికి యాభై చిల్లర మార్కులు అని. ఇంటర్‌లో కూడా ఇంత తక్కువ రాలేదే అని మనవాడు కుంగిపోతాడు. కుంగిపోకుండా రిపోర్టు కిందే మందు ఉంటుంది, అదే కంపెనీ పొడి, నెలకి ఇంతని. ఆరోగ్యంగా ఉన్న పేగులో ఏ సూక్ష్మజీవి ఎంత ఉండాలో డాక్టర్లు ఒప్పుకున్న ఒక్క లెక్క ఇప్పటికీ లేదు, వీడు మాత్రం మార్కులేసేశాడు. 2020లో అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం ఉన్న ఆధారాలన్నీ చూసి, చాలా పొట్ట జబ్బులకి ప్రోబయోటిక్స్ వాడమని చెప్పలేమంది. ఆ మాట మీద ఎవరూ రీల్ చేయలేదు. ఈ పెరుగు భక్తికి మూలపురుషుడు రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్, 1908లో నోబెల్ అందుకున్నవాడు, పుల్లటి పాలతో ఆయుష్షు పెరుగుతుందని గట్టిగా నమ్మి తాగాడు. 71 ఏళ్లకి పోయాడు.

దీనికి రెండో వైపు ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్నలున్నారు. ‘మన పూర్వీకులు ఎప్పుడో కనిపెట్టారు, ఇడ్లీయే అసలైన ప్రోబయోటిక్’ అని తెల్లారేసరికి ఫార్వర్డ్. పెదనాన్నా, పిండి పులవడం నిజమే, పులిసింది కాబట్టి తేలిగ్గా అరుగుతుందన్నదీ నిజమే, కానీ దాన్ని ఆవిరి మీద ఉడకబెట్టాక ఆ సూక్ష్మజీవులు ఇంకా బతికుంటాయా? పూర్వీకులు అంబలి తాగి పొలంలో రోజంతా వంగి పని చేశారు. మీరు ఏసీలో సోఫా మీద పడుకుని అంబలి ఫొటో పంపిస్తున్నారు.

అసలు సంగతి చెప్పుకుంటే చాలా నీరసంగా ఉంటుంది, అందుకే ఎవరూ అమ్మరు. పీచు మనకి అరగదు. అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది, అక్కడి సూక్ష్మజీవులకి అదే భోజనం. అవి దాన్ని పులియబెట్టి తయారుచేసే బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలే పేగు లోపలి పొర కణాలకి ప్రధానమైన ఇంధనం. ఆ పొర కోసమే కుర్రాడు బామ్మగారికి మిరపకాయ ఇవ్వలేదు, ఇచ్చిన దానిమ్మ గింజలోని పీచు ఏ మూలకి? హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఆ రూట్లో బస్సెక్కే ప్రతివాడికీ స్టాపు పేరుగా తెలుసు. వాళ్లు 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు, రెండు వేల కేలరీలు తినే మనిషి పళ్లెంలో రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలన్నారు. మరి మన పళ్లెం చూడండి. మధ్యలో తెల్లన్నం గుట్ట, పక్కన నంజుకోవడానికి రెండు చెంచాల బంగాళదుంప వేపుడు, దాన్నే మనం కూర అంటాం. తోటకూర, గోరుచిక్కుడు, పెసలు, ఉలవలు, జొన్నరొట్టె, ఇవేవీ స్పాన్సర్ ఇవ్వవు, డిస్కౌంట్ కోడ్ ఇవ్వవు. కిలో గోరుచిక్కుడుకి ఈనెలు తీయాలంటే సీరియల్లో ఒక ఎపిసోడ్ పడుతుంది, అది కూడా మన ఇళ్లలో ఎవరు తీస్తారో అందరికీ తెలిసిందే.

ఇంతా చేసి ఈ గట్ భక్తుల్లో సగం మంది పొద్దున్నే పరగడుపున గ్యాస్ గోలీ వేసుకుని దినచర్య మొదలుపెడతారు. ఎవరు రాసిచ్చారు? ఎప్పుడో ఒక డాక్టరు వారం రోజులకి రాశాడు, చీటీ పోయింది, గోలీ మిగిలింది. కడుపులో ఆమ్లం ఊరికే లేదు, మనం మింగే క్రిముల్ని చంపే కాపలా అది. ఆ కాపలాని అణిచే ఈ మందులు వాడేవాళ్లలో ఒక రకం మొండి విరేచనాల ముప్పు పెరగొచ్చని 2012లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అవసరం ఉండి డాక్టరు వాడమన్నవాళ్ల గురించి కాదు నేను మాట్లాడేది, రాత్రి నాటుకోడికి ముందస్తు బెయిల్‌గా మింగేవాళ్ల గురించి. ఇక జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్, తగ్గినట్టనిపిస్తే ఆపేయడం. జలుబు వైరస్‌కి దానివల్ల వెంట్రుక కూడా ఊడదు, చచ్చేది పేగుల్లోని మంచి బ్యాక్టీరియా. మర్నాడు దానికి విరుగుడుగా కొంబుచా.

సరే, ఇవన్నీ డబ్బున్న వాళ్ల వేషాలు, నవ్వుకుని వదిలేయొచ్చు. వదిలేయలేనిది ఒకటుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బొంగావ్ శిబిరాలు నిండిపోయాయి. కలరా. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగిపోయాయి. అదీ ఓఆర్‌ఎస్. పేగుల కోసం మనిషి చేసిన వాటిలో అంతకంటే గొప్పది నాకైతే కనబడదు. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, అంతే, ఎందుకంటే చక్కెర మోతాదు మించితే పేగులోకి నీరు ఇంకా లాక్కొచ్చి విరేచనాలు పెంచుతుంది.

ఆ మూడు అక్షరాలు తీసుకెళ్లి పళ్లరసం డబ్బాల మీద వేశారు. కొన్నింటిలో లీటరుకి వంద గ్రాముల పైన చక్కెర! మెడికల్ షాపుల్లో, ఆస్పత్రుల కిందున్న షాపుల్లో, అసలు ఓఆర్‌ఎస్ పక్కనే పెట్టి అమ్మారు. విరేచనాలతో నీరసించి తల వాల్చేసిన పిల్లాణ్ని భుజాన వేసుకుని వచ్చిన తల్లి ఓఆర్‌ఎస్ ఇవ్వండి అంటే ఆ చక్కెర నీళ్లు చేతిలో పెట్టారు, ఆవిడ దాన్ని మందనుకుని గుక్కగుక్కగా తాగించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద అరిచారు, కోర్టుకెళ్లారు. 2022 ఏప్రిల్‌లో ఆహార నియంత్రణ సంస్థ ఆ పేరు వాడొద్దంది, జులైలో మళ్లీ వాడుకోండి అంది, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని లేబుల్ మీద రాస్తే చాలట. చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. ఎవరు చదవాలని? ఆ తల్లా? ఏ నిపుణుడు ఏ గదిలో కూర్చుని ఇది సబబే అని సంతకం పెట్టాడు? 2025 అక్టోబర్ దాకా, మూడేళ్ల పైన, ఆ వెసులుబాటు నడిచింది. తీసేయగానే కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కి ఉన్న సరుకు అమ్ముకోనివ్వండి అని అడిగాయి. పిల్లల పేగుల మీద వ్యాపారం చేసి, పట్టుబడ్డాక మిగిలిన సరుకు గురించి బెంగ! గట్ హెల్త్ అని రోజూ గొంతు చించుకునే రీల్స్‌లో ఈ ముక్క చెప్పినవాళ్లు ఎంతమంది కనబడ్డారు మీకు?

అసలు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టుగా దొరుకుతుంది, ఆశా కార్యకర్త దగ్గరైతే డబ్బులు కూడా అక్కర్లేదు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని చూసుకుని, దాని మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం సగం కలపకూడదు, రోజు దాటాక మిగిలింది పారబోయాలి. పిల్లాడు మత్తుగా పడుంటే, మూత్రం ఆగిపోతే, రక్తం పడితే ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. షాపువాడు “పొడి లేదు సార్, ఇదీ అదే” అని రంగు డబ్బా ఏదైనా తీస్తే వాదన పెట్టుకోకుండా ఇంకో షాపుకి నడవండి. నడక కూడా గట్‌కి మంచిదని వాళ్లే చెబుతున్నారుగా.