జవాబు అమ్మనే చెప్పనివ్వండి

గుంటూరు, విజయవాడల్లో ఏ ఆసుపత్రి ఓపీకి వెళ్లినా పెద్దవాళ్ల పక్కన కొడుకో కోడలో కనిపిస్తారు. 'ఏమ్మా, ఎలా ఉంది?' అని డాక్టరు అడిగితే జవాబు పక్క కుర్చీలోంచి వస్తుంది. బీపీ, షుగరులకైతే ఫర్వాలేదు, మిషను చూసుకుంటుంది. డిప్రెషన్ రక్తపరీక్షలో తేలేది కాదు. ప్రశ్నలు అడగాలి, ఆ మనిషే జవాబు చెప్పాలి.

వృద్ధుల్లో డిప్రెషన్‌ను పసిగట్టడం కోసమే 1980ల మొదట్లో అమెరికాలో తయారైన జీడీఎస్ (జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్) ప్రశ్నావళిలో 30 ప్రశ్నలుండేవి. 1986లో వాటిని 15కి కుదించారు. అవును, కాదు అంటే చాలు, దిగులును సూచించే జవాబుకు మార్కు పడుతుంది. అందులో నిద్ర, ఆకలి ఊసే ఉండదు, కావాలనే వదిలేశారు. డెబ్బై దాటాక మోకాళ్ల నొప్పికీ నిద్ర పట్టదు కదా! డిప్రెషన్ కోసమే విరివిగా వాడే మరో ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో ఇవి రెండూ ఉన్నాయి కాబట్టి కొన్ని మార్కులు మోకాళ్లవే కావచ్చు. అయితే చనిపోవాలన్న ఆలోచన గురించి అది నేరుగా అడుగుతుంది, జీడీఎస్ అడగదు. జీడీఎస్ వాడేవాళ్లు ఆ ఒక్కటీ విడిగా అడిగి తీరాలి. ఏ ప్రశ్నావళి అయినా అనుమానమే చెబుతుంది, జబ్బును నిర్ధారించాల్సింది డాక్టరే.

'బయటికెళ్లి కొత్త పనులు చేయడం కన్నా ఇంట్లో ఉండటమే ఇష్టమా?' అన్నది జీడీఎస్‌లో ఒక ప్రశ్న. మే నెల బెజవాడలో దీనికి కాదనేవాళ్లెవరు? ఇలాంటివాటిని మన పెద్దల మీద పరీక్షించి చూసుకోకుండా మార్కులు లెక్కేస్తే తప్పుడు లెక్కే వస్తుంది.

అలాగని అడగడం మానేస్తే జరిగే నష్టం ఇంకా పెద్దది. 2017-18 నాటి జాతీయ వృద్ధాప్య సర్వే 'లాసీ'లో ప్రశ్నలడిగి చూస్తే 60 దాటినవాళ్లలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. డాక్టరు తమకు ఆ జబ్బుందని చెప్పారన్నవాళ్లు 0.8 శాతమే. మిగతావాళ్ల బాధంతా 'ఈ వయసులో ఇంతేలే' అన్న మాటలో కలిసిపోయింది.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే ఫారంలోనూ ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా అని రెండు ప్రశ్నలున్నాయి. వాటిని వసారాలో అందరి ముందూ అడిగితే ఏ తల్లయినా 'నాకేం తక్కువమ్మా, పిల్లలు బాగా చూసుకుంటున్నారు' అనే అంటుంది. కోడలు వింటుండగా ఇంకోలా ఎలా అంటుంది? పెద్దవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. చూపు ఆననివాళ్లకు, చదువు రానివాళ్లకు మెల్లగా చదివి వినిపించాలి. మతిమరుపు జబ్బు బాగా ముదిరినవారి విషయంలో మాత్రం సొంత జవాబు నమ్మదగ్గది కాదు, అక్కడ చూసుకునేవాళ్ల మాట కూడా కావాలి.

ఇందుకు కొత్త పథకాలేవీ అక్కర్లేదు. ప్రతి పీహెచ్‌సీలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో తలుపు వేసుకోగల ఒక గది, వారానికో పూట పెద్దల కోసం చాలు. మార్కులు ఎక్కువొచ్చినవాళ్లను చీటీ రాసి వదిలేయకుండా పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి చేరేదాకా ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. చావు ఆలోచన ఉందని చెప్పినవారి విషయంలో ఆ పని అదే రోజు జరగాలి. ఇంట్లోవాళ్లయినా, పెద్దవాళ్లే స్వయంగా అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.