గండికోటకు అమెరికా గోత్రం

శ్రావణ మాసపు ముసురులో జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లి, జామియా మసీదు దాటి, పెన్నా లోయ అంచు దాకా తడిసిన బండల మీద జాగ్రత్తగా నడిచిన నాకు, అసలు నేను చేరింది ఎక్కడికో పక్కనున్న యువకుడు చెప్పేదాకా తెలియలేదు. "ఇండియన్ గ్రాండ్ కాన్యన్‌కు స్వాగతం" అని అతడు తన ఫోనుకు విన్నవించుకుంటున్నాడు.

కొండను నది కోసుకుని పోయిన దారిని మనవాళ్లు గండి అన్నారు, దాని ఒడ్డున కోట ఉంది కనుక గండికోట అన్నారు. అరిజోనాలో కొలరాడో నది 446 కిలోమీటర్ల పొడవున తొలిచిన లోయ ఒకటి ఉందని, దాని అనుమతి లేకుండా పేరు పెట్టరాదని వారికి తోచకపోవడం ఘోరమైన అపరాధమే. బనగానపల్లె మామిడిని చేతిలో పెట్టి "ఇది మన కాశ్మీరు ఆపిల్" అని పరిచయం చేయడం నేర్వని అమాయకులు వారు. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ సైతం నోరు తిరిగినంత మేరకు ఊరి పేరే రాసుకున్నాడు. భూగర్భ శాస్త్రజ్ఞులు మన కాళ్ల కింది రాతిపొరను నేటికీ గండికోట క్వార్ట్‌జైట్ అనే అంటున్నారు. బండలకున్న పట్టింపు మనకు లేదు.

యువకుడి స్వాగతం పదమూడుసార్లు సాగింది. అతడి భార్య గొడుగును ఫోనుకు పట్టి, తానూ చంకలోని బిడ్డా నిండా తడిశారు. నాలుగోసారి మేక అరిచింది, ఏడోసారి "కాన్యన్" కాస్తా "క్యాంటీన్" అయింది, పదోసారి లెన్సు మీద చినుకు పడింది. చివరకు అతడు మేకలు కాస్తున్న ముసలాయనను, "తాతా, గ్రాండ్ కాన్యన్ వ్యూ పాయింట్ యాడుంది?" అని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "గ్రానైటా? దానికి తాడిపత్రి పక్క పోవల్ల నాయనా" అన్నాడు.

"ఈ వాన ట్రిప్పంతా చెడగొట్టింది" అని ఆ యువకుడు విసుక్కున్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. చినుకు కోసం ఏడాదంతా ఆకాశం వైపు చూసే సీమలో నిలబడి అనవలసిన మాటా అది? అతడు వెనుక దృశ్యంగా పెట్టుకున్న నదికి ఎగువన 26.85 టీఎంసీల జలాశయం ఉంది. దాన్ని నింపడానికి కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్లలోకి నీళ్లు వస్తుంటే, పరిహారం మాట తేల్చండని వీధిలో కూర్చున్నారు. ఎక్కడో అమెరికాలోని లోయ పేరు నోటికి వస్తుంది గానీ, ఇక్కడ మునిగిన ఒక్క ఊరి పేరూ ఎవరికీ రాదు! అరువు పేరు మోయడానికి ఉన్న ఓపికలో పదో వంతు ఆ ఊళ్ల పేర్లు పలకడానికి ఉంటే ఏం పోయింది?

ఇంతలో గాలి విసిరి గొడుగు తిరగబడింది. పద్నాలుగో స్వాగతానికి యువకుడు గొంతు సవరించుకుంటుండగా, మేకలను తోలుకుంటూ తిరిగి వచ్చిన ముసలాయన, "గ్రానైటు దొరికిందా నాయనా?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే వానలో నిలబడ్డాడు.