స్టార్ కోసం ఇస్తే అది దయేనా?

క్లాసులో ఒక పిల్లాడు పక్కవాడికి పెన్సిల్ ఇచ్చాడు. టీచర్ చూసి, గోడ మీది చార్టులో వాడి పేరు పక్కన ఒక స్టార్ అంటించింది. మర్నాటికి పెన్సిళ్లు ఇచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. అడగనివాళ్ల చేతిలో కూడా పెట్టేస్తున్నారు! అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పాప లేచి, "టీచర్, స్టార్ కోసం ఇస్తే అది హెల్పేనా?" అని అడిగిందనుకుందాం.

"కూర్చోమ్మా, సిలబస్ చాలా ఉంది" అనెయ్యొచ్చు. నన్నడిగితే ఆ రోజుకి అదే పాఠం.

ఆ పాప అడిగింది చిన్న ప్రశ్న కాదు. 1785లో జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ తన పుస్తకంలో ఒక దుకాణదారు గురించి రాశాడు. చిన్నపిల్లలు వచ్చినా అతను ఎక్కువ ధర చెప్పడు. ఎందుకంటే పేరు పోతే బేరం పోతుంది. పని మంచిదే, కానీ దానికి నైతిక విలువ లేదన్నాడు కాంట్. అక్కడితోనైనా ఆగాడా! సాయం చెయ్యడం తనకు సరదా కాబట్టి చేసేవాడి విషయంలోనూ అదే తీర్పు. కర్తవ్యమని చేస్తేనే లెక్కట. ఇది చెబితే పిల్లలు ఊరుకోరు. నాకూ మింగుడుపడదు. ముఖం మాడ్చుకుని చేసే సాయం ఎవరికి కావాలి? మంచి పనులు చేయగా చేయగానే మంచివాళ్లమవుతాం, అలా అయినవాళ్లకు ఆ పని ఇష్టంగానే ఉంటుంది అన్న అరిస్టాటిల్ మాట నాకు నచ్చుతుంది. ఆ లెక్కన స్టార్‌తో మొదలుపెట్టినా పరవాలేదేమో అనిపిస్తుంది.

కానీ 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో ప్రచురించిన ప్రయోగం ఈ ఆశ మీద నీళ్లు చల్లుతుంది. పెద్దవాళ్లకు చెయ్యి అందని వస్తువుని 20 నెలల పిల్లలు తీసిచ్చారు. కొందరికి అందుకు బహుమతి ఇచ్చారు, కొందరిని మెచ్చుకున్నారు, కొందరికి ఏమీ లేదు. తరవాత బహుమతులు ఆపేసి చూస్తే, వాటికి అలవాటు పడ్డవాళ్లే సాయానికి తక్కువగా ముందుకొచ్చారు.

మన మాటల్లోనే ఇంకో ప్రశ్న దాగుంది. జాలి, దయ ఒకటేనా? "నా మీద జాలి పడక్కర్లేదు" అని రోషంగా అంటాం. పెన్సిల్ పుచ్చుకున్నవాడికి ఎలా ఉందని చార్టు ఎప్పుడూ అడగదు. క్లాసు అడగగలదు.

పిల్లలతో ఇలాంటి తాత్విక చర్చకు ఒక పద్ధతి ఏర్పరచినవాడు తత్వవేత్త మాథ్యూ లిప్‌మన్. 1974లో అమెరికాలోని మాంట్‌క్లెయిర్‌లో దీనికోసమే ఒక సంస్థ పెట్టాడు. పిల్లలు గుండ్రంగా కూర్చుని కథ చదువుతారు, ప్రశ్నలు వాళ్లే వేస్తారు. టీచర్ జవాబు చెప్పదు, "ఎందుకలా అనుకుంటున్నావు?" అని తిరిగి అడుగుతుంది. అందుకు టీచర్‌కి బోలెడు ఓపిక కావాలి, "నాకూ తెలీదు" అనే ధైర్యం కూడా.

దీనివల్ల లాభమేంటన్నది పెద్దవాళ్ల ప్రశ్న. ఇంగ్లండ్‌లో 48 స్కూళ్లలో జరిపిన పరిశీలనలో, ఇలాంటి క్లాసులున్న పిల్లలు చదవడంలో, లెక్కల్లో దాదాపు రెండు నెలలు ముందున్నారని 2015లో తేల్చారు. 2021లో వచ్చిన ఇంకా పెద్ద పరిశీలనలో, చదవడంలో ఆ తేడా కనపడలేదు. మార్కులు పెరుగుతాయని ఈ చర్చల పీరియడ్ పెట్టినవాళ్లు, పెరగలేదనగానే దాన్ని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తారు. స్టార్ ఆగితే పెన్సిల్ జేబులో పెట్టుకున్నట్టే.